ఎండను తట్టుకునే పైకప్పు: రేకు, శ్లాబు, పెంకు, తాటాకు, పఫ్ ప్యానెల్‌లలో ఏది ఎవరికి తగును

ఇనుము, రాగి, అల్యూమినియం మంచి ఉష్ణవాహకాలనీ, చెక్క, మట్టి, గడ్డి, గాలి ఉష్ణబంధకాలనీ బడిలోనే చదువుకున్నాం. ఇల్లు కట్టేటప్పుడు గానీ, ఉన్న ఇంటి పైకప్పును బాగుచేయించుకునేటప్పుడు గానీ చాలామంది ఆ పాఠాన్నే గుర్తు చేసుకొని, ఇనుప రేకు వేడిని మోస్తుంది కాబట్టి సిమెంటు రేకు వేద్దామనీ, రేకుకన్నా శ్లాబు మందం కాబట్టి డాబా పోస్తే ఇల్లు చల్లగా ఉంటుందనీ నిర్ణయించుకుంటారు. పాఠం సరైనదే గానీ, ఈ రెండు నిర్ణయాలూ ఆశించిన ఫలితాన్ని ఇవ్వవు. పైకప్పు పై ముఖం ఎండను ఎంత మింగుతుందన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఆ గదిలో మనుషులు పగలు ఉంటారా, రాత్రి ఉంటారా అన్నది రెండోది. పదార్థం వాహకమా, బంధకమా అన్న ప్రశ్న ఈ రెండింటి తరువాతే వస్తుంది. ఈ వరుస తప్పినందువల్లనే ఖర్చు పెట్టి కూడా ఉక్కలో పడుకుంటున్న కుటుంబాలు మన ఊళ్లలో ఇన్ని ఉన్నాయని నా నమ్మకం.

మన అక్షాంశాల్లో గోడలకన్నా పైకప్పుకే ప్రాధాన్యం ఎక్కువ. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ దాదాపు పడదు, తూర్పు పడమటి గోడల మీద చెరో పూట పడుతుంది, పైకప్పు మీద మాత్రం పొద్దు పొడిచింది మొదలు కుంగేదాకా పడుతూనే ఉంటుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటే రోజులు మనకు కొత్తవి కావు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పై అంతస్తులో గానీ, రేకుల ఇంట్లో గానీ ఉండే వృద్ధులకూ పసిపిల్లలకూ పైకప్పు ఎంపిక సౌకర్యానికి మించినదని ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

వేడి గదిలోకి వచ్చే దారి

నడిమధ్యాహ్నపు ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. రంగు వేయని సిమెంటు శ్లాబు అందులో 30 శాతం వరకు తిప్పి పంపి, మిగతాదాన్ని మింగుతుంది. అలా మింగిన ముఖం చుట్టూ ఉన్న గాలికన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 42 డిగ్రీలున్న రోజున శ్లాబు పై ముఖం 60 డిగ్రీలకు చేరడం మామూలే. ఆ వేడి శ్లాబు మందం గుండా ఉష్ణవహనం వల్ల కిందికి దిగుతుంది. అడుగు ముఖానికి చేరిన తరువాత గదిలోకి ఎలా వస్తుందన్నది చాలామంది గమనించని సంగతి. వేడెక్కిన గాలి తేలికై పైనే ఉండిపోతుంది కాబట్టి పైకప్పు నుంచి కిందికి సంవహనం, అంటే గాలి కదలిక వేడిని మోయడం, బలహీనంగా ఉంటుంది. మంచం మీదికి, నేల మీదికి, మనిషి మీదికి దిగేది ఎక్కువగా ఉష్ణవికిరణమే. ఫ్యాను తిరుగుతూ ఉన్నా తలకు పైనుంచి సెగ తగులుతూ ఉండటానికి కారణం ఇదే. పైగా ఆ ఫ్యాను పైకప్పు కింద పేరుకున్న వేడిగాలిని కూడా మన మీదికే తోస్తుంది.

ఒక పొర ఈ ప్రవాహాన్ని ఎంత అడ్డుకుంటుందో తేల్చే లెక్క సులువైనదే. పొర మందాన్ని మీటర్లలో తీసుకొని, ఆ పదార్థపు ఉష్ణ వాహకత్వంతో భాగిస్తే దాని ఉష్ణ నిరోధం వస్తుంది. ఉష్ణ వాహకత్వం ఉక్కుకు 50 దరిదాపుల్లో ఉంటుంది, కాంక్రీటుకు 1.5, ఇటుకకు 0.7 నుంచి 0.8, సిమెంటు రేకుకు 0.3, తాటాకు కప్పుకు 0.07, థర్మాకోల్‌కు 0.036, నీరు పీల్చని గట్టి నురుగు పలకలైన ఎక్స్‌పీఎస్‌కు 0.032, కదలని గాలికి 0.026, పఫ్ అని పిలిచే పాలీయురేథేన్ నురుగుకు 0.024 అనుకోవచ్చు. పఫ్ గాలికన్నా కూడా తక్కువ చూపడానికి కారణం ఉంది: దాని సన్నని గదుల్లో చిక్కుకొని ఉన్నది గాలికన్నా మందకొడిగా వేడిని మోసే మరో వాయువు. ఇక పైకప్పుకు పైనా కిందా అంటుకొని ఉండే పలుచని గాలి పొరలు రెండూ కలిసి, ఏ పదార్థంతోనూ సంబంధం లేకుండా, సుమారు 0.2 నిరోధాన్ని ఇస్తాయి. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ 0.2 పక్కన పెట్టి చూస్తేనే మనం కొనే పదార్థం నిజంగా ఏమైనా చేస్తున్నదో లేదో తేలుతుంది.

ఇనుప రేకా, సిమెంటు రేకా

అర మిల్లీమీటరు మందం ఉన్న జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) నిరోధం 0.00001. ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకు నిరోధం 0.02. రెండోది మొదటిదానికి రెండువేల రెట్లు. బడి పాఠం ప్రకారం సిమెంటు రేకు గెలిచినట్టే. అయితే గాలి పొరల 0.2కు 0.02 చేర్చినా, 0.00001 చేర్చినా మొత్తంలో తేడా పదో వంతును మించదు. ఇంత పలుచగా ఉన్నప్పుడు వాహకానికీ బంధకానికీ తేడా దాదాపు చెరిగిపోతుంది. సిమెంటు రేకు చల్లన అన్న మాటకు ఉన్న ఆధారం ఈ పదో వంతే.

రెండింటి మధ్య అసలు తేడా పై ముఖంలో ఉంది. కొత్త జీఐ రేకు నిగనిగలాడుతూ ఎండను బాగానే తిప్పికొడుతుంది గానీ, మెరిసే లోహానికి ఉద్గారత, అంటే వేడిని వికిరణంగా వదిలే గుణం, తక్కువ. మింగిన కొద్ది వేడిని కూడా వికిరణంగా ఆకాశంలోకి వదులుకోలేక తనలోనే ఉంచుకుంటుంది. తుప్పు పట్టి నల్లబడితే ఎండను తిప్పికొట్టే గుణమూ పోతుంది. సిమెంటు రేకు వేడిని వదలడంలో మేలు గానీ, బూడిద రంగు వల్ల మొదటే ఎక్కువ మింగుతుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి పాచి పట్టి ఇంకా నల్లబడుతుంది. తెల్లటి రంగు పూతలో మాత్రం రెండు మంచి గుణాలూ కలుస్తాయి: ఎండలో 70 శాతం, అంతకు పైన కూడా తిప్పికొడుతుంది, మింగినదాన్ని 0.9 ఉద్గారతతో వదిలేస్తుంది. కాబట్టి రేకు తప్పనిసరైన చోట తెలుపు లేదా దంతపు రంగు కలర్ కోటెడ్ స్టీలు రేకును ఎంచుకోండి. నీలం, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ దూరానికి అందంగా కనిపిస్తాయన్న మాట నిజమే. ఆ అందానికి ఏటా మూడు నెలలు కింద ఉన్నవారు మూల్యం చెల్లిస్తారు.

ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకును ఇంటికి వేయించుకోవద్దని గట్టిగా చెబుతాను. కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగిలినప్పుడు లేచే దాని పోగులు ఊపిరితిత్తుల జబ్బులకూ క్యాన్సరుకూ కారణమవుతాయన్నది నిర్ధారణ అయిన విషయం. ఇప్పటికే వేసి ఉన్నవారు దాన్ని గీకి, రుద్ది శుభ్రం చేయవద్దు. నీటితో తడిపి, మెత్తగా కడిగి, ఆరాక తెల్ల రంగు వేయించవచ్చు. ఆ పూత పోగులు లేవకుండా కొంత కాపాడుతుంది కూడా. పాత రేకు మీద నేరుగా కాలు మోపితే విరిగి పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, వాసాల మీదుగా పలక వేసుకొని మాత్రమే ఎక్కాలి.

రేకుకు ఒక మేలు ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. దాని బరువు తక్కువ, కాబట్టి దాచుకునే వేడి కూడా తక్కువ. పొద్దు గూకిన కొద్దిసేపటికే అది చల్లబడి, నిర్మలమైన ఆకాశం కింద గాలికన్నా చల్లగా మారుతుంది. గాలి ఆడే కిటికీలున్న రేకుల గదిలో రాత్రి తొమ్మిదికి పడుకునే మనిషి, పక్కింట్లో శ్లాబు కింద పడుకున్న మనిషికన్నా హాయిగా నిద్రపోయే అవకాశం ఉంది. మధ్యాహ్నం మాత్రం ఆ గదిలో ఉండటం కష్టం.

శ్లాబు: పగలు తీసుకొని రాత్రి ఇచ్చేది

అయిదంగుళాల కాంక్రీటు శ్లాబు నిరోధం సుమారు 0.08. గాలి పొరలతో కలిపినా 0.3కు కాస్త తక్కువ. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018లో నివాస భవనాల కోసం వెలువరించిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు గుండా ప్రవహించే వేడి, ఒక చదరపు మీటరుకు ఒక డిగ్రీ తేడాకు, 1.2 వాట్లకు మించకూడదు. ఒకటిని మొత్తం నిరోధంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె; ఒట్టి శ్లాబు దగ్గర అది 3.4 వస్తుంది. అంటే మనం ఎంతో గట్టిగా, మందంగా ఉన్నదని భావించే డాబా ప్రమాణానికి దాదాపు మూడు రెట్ల వేడిని లోపలికి వదులుతున్నది. పది అంగుళాల శ్లాబు పోసినా ఈ లోపం తీరదు; కాంక్రీటు మందం పెంచి వేడిని ఆపాలనుకోవడం వల్ల ఇనుము, సిమెంటు ఖర్చు పెరుగుతుందే తప్ప నిరోధం 0.08 నుంచి 0.17కు మాత్రమే చేరుతుంది.

శ్లాబు చేసే అసలు పని వేడిని ఆపడం కాదు, ఆలస్యం చేయడం. నూట ఇరవై చదరపు అడుగుల గది మీది శ్లాబు బరువు మూడు టన్నులకు పైమాట. అది పగటి ఎండకు సగటున 15 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, అందులో దాగిన వేడి 12 యూనిట్ల కరెంటుతో సమానం. పై ముఖం ఒంటిగంటకు, రెండు గంటలకు బాగా కాలితే, ఆ తాకిడి అడుగు ముఖానికి మూడు నాలుగు గంటల తరువాత చేరుతుంది. అందుకే డాబా ఇంట్లో ఉదయం పదకొండుకు కాస్త చల్లగా, సాయంత్రం ఐదున్నరకు భరించలేనట్టుగా, రాత్రి పదకొండుకు కూడా ఇంకా సెగగా ఉంటుంది. బయట చల్లటి గాలి వీస్తున్నా గోడలు, పైకప్పు లోపలికి వేడిని వదులుతూనే ఉంటాయి.

పగలు మాత్రమే నడిచే బడికి, ఆఫీసుకు, దుకాణానికి ఈ ఆలస్యం మేలే చేస్తుంది. వేడి దిగే వేళకు తాళం వేసి వెళ్లిపోవచ్చు. పడకగదికి అదే ఆలస్యం శత్రువు. ఒకే శ్లాబు ఒకరికి మంచిది, మరొకరికి చెడ్డది కావడానికి ఇదే కారణం.

పెంకు, తాటాకు, మట్టి మిద్దె

మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో ఆరంభించిన కర్మాగారం నుంచి మంగళూరు పెంకు దక్షిణాది అంతటా వ్యాపించింది. పన్నెండు మిల్లీమీటర్ల కాల్చిన మట్టి నిరోధం సిమెంటు రేకును మించదు. పెంకుటిల్లు చల్లగా ఉండటానికి వేరే కారణాలున్నాయి: వాలు కప్పు కింద ఎత్తైన ఖాళీ ఉంటుంది, పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి తప్పుకుంటుంది, అటక ఉంటే అది వికిరణాన్ని మధ్యలోనే ఆపుతుంది. నాటు గూన పెంకును రెండు మూడు వరుసలు ఒకదాని మీద ఒకటి పరిచేవారు కాబట్టి ఆ వరుసల మధ్య గాలి చిక్కుకొని ఇంకా మేలుగా ఉండేది. ఈనాడు కాంక్రీటు వాలు శ్లాబు పోసి, దానిమీద అందానికి పెంకులు సిమెంటుతో అతికిస్తున్నారు. ఆ పద్ధతిలో గాలి సందు పోయింది, అటక పోయింది, మిగిలింది ఎర్రటి రంగు మాత్రమే. పెంకు మేలు కావాలనుకుంటే పట్టీల మీద ఎత్తి, కింద గాలి ఆడేలా వేయించండి.

తాటాకు కప్పును మించిన ఉష్ణబంధకం పల్లెలో లేదు. ఆరంగుళాల మందం ఉన్న కప్పు నిరోధం 2 దాటుతుంది. శ్లాబుకు ఇరవై అయిదు రెట్లు. ఆకు పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలిదే ఈ ఘనత. అయితే నిప్పు భయం, కొన్నేళ్లకొకసారి కొత్తగా కప్పే పని, తీరప్రాంతంలో తుఫాను గాలి, ఇప్పుడు ఆకు కప్పే పనివారు దొరకకపోవడం, ఇవన్నీ కలిసి దాన్ని నివాసానికి దూరం చేశాయి. వంటింటికి దూరంగా ఉన్న పశువుల పాకకూ, డాబా మీద వేసే చలువ పందిరికీ మాత్రం అది నేటికీ అత్యుత్తమం.

రాయలసీమ మట్టి మిద్దె వేరే తీరుగా పనిచేస్తుంది. పది అంగుళాల మన్ను వేడిని ఎనిమిది గంటలకు పైగా ఆలస్యం చేస్తుంది, ఆ లోగా దాని తీవ్రతను పదో వంతుకు తగ్గించేస్తుంది. కానీ ముసురు పట్టిన రోజుల్లో నానిన మిద్దె కూలి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. ఉన్న మిద్దెను కాపాడుకోవడానికి ప్రయత్నించవచ్చు గానీ, కొత్తగా కట్టుకొమ్మని సలహా ఇవ్వలేను.

శ్లాబు మీద ఏ పొర వేయాలి

మొదట తెలుపు. నూట ఇరవై చదరపు అడుగుల గది, పైన బూడిద రంగు శ్లాబు, పై ముఖం 60 డిగ్రీలు, గది 36 డిగ్రీలు అనుకొని లెక్క కడితే లోపలికి దిగే వేడి సుమారు 1050 వాట్లు. మే నెల మధ్యాహ్నం గదిలో కిలోవాటు హీటరు వెలిగించి పెట్టుకున్నట్టు. పై ముఖానికి తెల్లటి పూత వేసి దాని వేడిని 44 డిగ్రీలకు దింపితే, అదే శ్లాబు గుండా వచ్చేది 350 వాట్లు. శ్లాబు మారలేదు, దాని వాహకత్వం మారలేదు, మూడింట రెండు వంతుల వేడి మాయమైంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించి, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను దాని కిందికి తేవాలని లక్ష్యం పెట్టుకోవడం వెనుక ఉన్న తర్కం ఇదే.

సున్నం, కూల్ రూఫ్ పెయింటు, తెల్ల టైలు ముక్కల మొజాయిక్, ఈ మూడింటిలో సున్నం అన్నిటికన్నా చవక, మొదటి వేసవి పనితనంలో పెయింటుకు తీసిపోదు. కానీ వానకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలోనే మళ్లీ వేయాలి. పెయింటు కొన్నేళ్లు ఉంటుంది. డబ్బా మీద సౌర పరావర్తనం (ఎండను తిప్పికొట్టే వంతు) 0.7, ఉద్గారత 0.85 దాటి ఉన్నదాన్ని తీసుకోండి. ఈ రెండు అంకెలూ ముద్రించని డబ్బా మీద ఎంత చల్లదనం రాసినా నమ్మవద్దు. టైలు ముక్కల పని ఖరీదైనదే గానీ పదేళ్లకు పైగా నిలుస్తుంది, బట్టలు ఆరేయడానికి, వడియాలు పెట్టుకోవడానికి డాబా పనికొస్తూనే ఉంటుంది. మూడింటికీ శత్రువు దుమ్ము. రోడ్డు పక్క ఇళ్లలో వేసవికి ముందొకసారి, నడుమ మరొకసారి కడగకపోతే తెలుపు చేసే మేలు సగానికి పడిపోతుంది.

రెండో పొర ఉష్ణబంధకం. శ్లాబు మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ పలకలు పరిచి, వాటిపై సన్నని కాంక్రీటు వేస్తే మొత్తం నిరోధం 0.3 నుంచి 1.8 దాటుతుంది, అంగుళం పలక వేసినా ఎకో నివాస్ సంహిత ప్రమాణం లోపలికి వస్తుంది. పై ముఖం కిందికి వేడిని పంపలేక మునుపటికన్నా ఎక్కువ కాలుతుంది, 68 డిగ్రీలకు చేరిందనుకున్నా గదిలోకి దిగేది 200 వాట్లు మాత్రమే. దాని మీద తెలుపు కూడా వేస్తే అది 60 వాట్ల దగ్గర ఆగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన లాభం రాత్రి తెలుస్తుంది: బంధకం పైన ఉంది కాబట్టి మూడు టన్నుల శ్లాబు పగలు వేడిని దాచుకోనే దాచుకోదు.

పలక ఎంచుకునేటప్పుడు నీటిని మరచిపోకూడదు. నీటి ఉష్ణ వాహకత్వం కదలని గాలికన్నా ఇరవై రెట్లకు పైన. నురుగులోని గాలి స్థానంలో నీరు చేరితే బంధకం బంధకంగా ఉండదు. అందుకే డాబా పైన మామూలు థర్మాకోల్ పనికిరాదు. వాటర్ ప్రూఫింగ్ పూర్తిచేసి, తూము వైపు వాలు సరిచూసి, నీరు పీల్చని పలకలే వేయాలి.

ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి నాలుగంగుళాల గచ్చు వేయించడం మనకు పాత అలవాటు. దాని నిరోధం 0.13, వానను ఆపడానికి మంచిదే గానీ, వేడి ప్రమాణాన్ని అందుకోదు, పైగా చదరపు మీటరుకు దాదాపు 180 కిలోల బరువు మోపుతుంది. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ పలక బరువు చదరపు మీటరుకు రెండు కిలోల లోపే. కుండలు బోర్లించి గచ్చు వేసే పద్ధతిలో చిక్కుకున్న గాలి వల్ల మేలు ఎక్కువ, కానీ బరువు సమస్య అక్కడా ఉంది. పాత శ్లాబు మీద ఈ రెండింటిలో ఏది వేయించాలన్నా ముందు ఇంజనీరుకు చూపించండి.

డాబా మీద ఒక మనిషి ఎత్తున వేసే చలువ పందిరి గానీ, షేడ్ నెట్ గానీ, సోలార్ పలకలు గానీ ఎండను శ్లాబు దాకా రానివ్వకుండా మధ్యలోనే ఆపుతాయి. కింద గాలి ఆడుతూ ఉంటుంది కాబట్టి పందిరి మింగిన వేడి శ్లాబుకు చేరదు. సోలార్ ఎలాగూ పెట్టించుకోదలచినవారు పడకగది మీదనే పలకలు వచ్చేలా చూసుకోవడం తెలివైన పని.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు గురించి ఒక మాట. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. పైన చెప్పిన 12 యూనిట్ల వేడిని దింపడానికి పద్దెనిమిది లీటర్లు పూర్తిగా ఆవిరి కావాలి. పొడిగాలి వీచే తెలంగాణ, రాయలసీమల్లో, తడిపిన గోనె సంచులు పరిచి చేస్తే ఇది బాగా పనిచేస్తుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి నెమ్మదిస్తుంది, ఫలితమూ తగ్గుతుంది. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో దీన్ని ఎంచుకోవద్దు.

కింద వేసే పొరలు

పైకి ఎక్కి పని చేయించే అవకాశం లేనప్పుడు లోపలి నుంచి అడ్డం కట్టవలసి వస్తుంది. ఇక్కడ బడి పాఠాన్ని తలకిందులు చేసే పదార్థం కాగితంలా పలుచని అల్యూమినియం రేకు (ఫాయిల్). లోహాల్లో ఉత్తమ వాహకాల్లో ఒకటైన అల్యూమినియం, గాలి సందు వైపు మెరిసే ముఖం పెట్టి అమర్చినప్పుడు అద్భుతమైన అడ్డుగా పనిచేస్తుంది, ఎందుకంటే దాని ఉద్గారత 0.05, పైకప్పు నుంచి వచ్చే వికిరణాన్ని దాదాపు అంతా తిప్పి పంపుతుంది, తాను కిందికి వదిలేది అత్యల్పం. అదే రేకును సిమెంటు పూతల మధ్య గానీ, పలకకు రెండు వైపులా ఆనించి గానీ పెడితే అక్కడ వికిరణానికి చోటే లేదు, వహనం మాత్రమే ఉంది. పెట్టిన డబ్బు వృథా. కనీసం ఒక అంగుళం ఖాళీ తప్పనిసరి.

రేకుల ఇంటికి నా మొదటి సలహా పైన తెలుపు, కింద ఈ మెరిసే రేకు అతికించిన సీలింగు, రెండింటి మధ్య గాలి బయటికి పోయే సందు. థర్మాకోల్ పలకలను నేరుగా రేకుల కింద ఇరికించడం చవకగా దొరికే పరిష్కారమే గానీ, దానికి నిప్పు అంటుకుంటే క్షణాల్లో కరిగి కారుతూ విషపు పొగ వదులుతుంది. వేలాడే వైర్లు, గ్యాసు పొయ్యి ఉన్న గదిలో అది వద్దే వద్దు. రాతిని కరిగించి తీసిన పోగుల రాక్ ఊల్ గానీ జిప్సమ్ బోర్డు గానీ వాడండి.

శ్లాబు కింద ఫాల్స్ సీలింగు వేయిస్తే గదిలోకి వేడి తగ్గుతుంది, కానీ పైన శ్లాబు మునుపటిలాగే కాలుతూ, రాత్రి చల్లబడుతూ, వ్యాకోచ సంకోచాలతో పగుళ్లిస్తూనే ఉంటుంది. ఏసీ వేసుకొని రాత్రిపూట మాత్రమే వాడే గదికి మాత్రం ఈ పద్ధతే ఒకందుకు నయం: ఏసీ చల్లబరచవలసింది గదిలోని గాలినీ సీలింగునూ మాత్రమే, శ్లాబును కాదు.

ఎవరికి ఏది

కొత్తగా ఇల్లు కడుతూ పై అంతస్తులో పడకగదులు పెట్టుకునేవారు మామూలు అయిదంగుళాల శ్లాబు మీద కనీసం అంగుళం, వీలైతే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ వేసి, పైన తెల్ల టైలు ముక్కలు పరిపించుకోవాలి. ఇల్లంతటి ఖర్చులో దీని వాటా చిన్నది, తరువాత చేయించాలంటే రెట్టింపు అవుతుంది. పాత డాబాలో ఉండి ఎక్కువ ఖర్చు పెట్టలేనివారు ఈ ఏడాదికి సున్నం గానీ కూల్ రూఫ్ పెయింటు గానీ వేసి, పడకగది మీద పందిరి వేసుకుంటే చాలు. చిన్న పరిశ్రమ, కోళ్ల ఫారం, గోదాము, డాబా మీద అదనపు గది వంటివాటికి రెండు స్టీలు రేకుల మధ్య నురుగు నింపిన పఫ్ ప్యానెల్ మంచి ఎంపిక; రెండంగుళాల ప్యానెల్ నిరోధం 2 దాటుతుంది, అంటే తాటాకు కప్పు చేసే పనిని వాన భయం లేకుండా చేస్తుంది. పఫ్ కూడా మండే పదార్థమే కాబట్టి వెల్డింగు పనులు జరిగే షెడ్డుకు రాక్ ఊల్ ప్యానెల్ తీసుకోవాలి. అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉన్నవారు ఇంటి యజమానిని సున్నానికి ఒప్పించడం మొదటి పని. అది కుదరకపోతే రాత్రి ఎనిమిది తరువాత కిటికీలు తెరిచి, ఎదురుగా ఎగ్జాస్టు ఫ్యాను పెట్టి వేడిగాలిని బయటికి తోయించడం, మంచాన్ని పడమటి గోడకు దూరంగా జరపడం మిగిలిన మార్గాలు.

పని చేయించిన తరువాత ఫలితాన్ని అడుగు ముఖం మీద, సాయంత్రం ఐదు నుంచి ఆరు గంటల మధ్య కొలవాలి. శ్లాబుకు అదే గరిష్ఠ సమయం. చేతిలో పట్టుకొని చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు సిమెంటు, సున్నం, పెయింటు ముఖాల మీద సరిగ్గానే చూపుతుంది. మెరిసే జీఐ రేకు మీద, అల్యూమినియం రేకు మీద మాత్రం ఉద్గారత తక్కువ కాబట్టి ఉన్నదానికన్నా తక్కువ చూపి మోసం చేస్తుంది. అక్కడ అరచేతి వెడల్పున నల్ల టేపు అతికించి, కొన్ని నిమిషాలు ఆగి, ఆ టేపు మీద కొలవండి.